పిరుదులో మొదలై పిక్కలోకి దిగే నొప్పి

వసుధ: నమస్కారం. విశాఖపట్నం నుంచి వసుధ, మూర్తి మాట్లాడుతున్నాం. కిందటి వారం చెప్పినట్టు ఈ రోజు విషయం నర్తకుల చీలమండ బెణుకు.

మూర్తి: వాపు తగ్గింది కదా అని గజ్జె కట్టకూడదు. దెబ్బ తగిలిన కాలి మీద కళ్లు మూసుకుని నిలకడగా నిలబడగలిగే దాకా సాధన చేయాలి. లేకపోతే అదే చీలమండ మళ్లీ మడత పడుతుంది.

వసుధ: నా మనసు మాత్రం మరో చోట ఉంది. నా శిష్యురాలికి నెలల తరబడి పిరుదు నుంచి పిక్క దాకా నొప్పి జివ్వున లాగుతోంది. ఎమ్మారైలో డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, ఉబ్బిందని చెప్పి, నాట్యం మానేయమన్నారు. ఆమె గజ్జెలు అటక మీద పెట్టేసింది.

మూర్తి: ఉబ్బు కనబడినంత మాత్రాన నొప్పికి అదే కారణమని తేల్చకూడదు అక్కా. 1994లో అమెరికాలో వెన్నునొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది.

వసుధ: అయితే కారణం నేలే. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో కాంక్రీటు మీద పరిచిన గ్రానైట్ పైన పిల్లలు గంటల తరబడి తట్టడవులు, అంటే పాదంతో నేలను తట్టే అడుగులు, వేస్తుంటే, ఆ దెబ్బంతా ఎముకలోకి కాక ఎక్కడికి పోతుంది?

మూర్తి: మళ్లీ గ్రానైట్ దగ్గరికే వచ్చారు.

వసుధ: వస్తాను. అడుగున ఖాళీ ఉన్న చెక్క నేల కాస్త వంగి దెబ్బను తీసుకుంటుంది. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పేవారే లేరు.

మూర్తి: కాదనను. ముంగాలి ఎముక నొప్పికి, పగులుకు గట్టి నేల కూడా ఒక కారణం. మీ శిష్యురాలిది వేరే నొప్పి. వెన్ను అడుగున ఉండే త్రికాస్థి నుంచి తొడ ఎముక పైభాగం దాకా అడ్డంగా సాగే పిరిఫార్మిస్ కండరం తుంటిని బయటికి తిప్పుతుంది, చాలామందిలో కాలిలోకి వెళ్లే వేలంత లావున్న సయాటిక్ నరం దాని కిందుగానే దిగుతుంది. పాదాలు పక్కకు తిప్పి మోకాళ్లు వంచి నిలిచే అరమండిలో ఆ కండరం విశ్రాంతి లేకుండా బిగిసి ఉంటే నరం ఒత్తిడికి గురికావచ్చు.

వసుధ: అలాగని అరమండి మాన్పించమంటారా? నేను ఒప్పుకోను.

మూర్తి: మానవద్దు, మోకాలిని చూడండి. పాదం పక్కకు తిరిగి, మోకాలిచిప్ప మాత్రం ముందుకే చూస్తుంటే, ఆ తిప్పు తుంటి నుంచి రాలేదు. మోకాలు మెలిపడుతోంది, అరికాలి వంపు కుంగుతోంది. తుంటి ఎంత తిరిగితే అంతే తిప్పాలి.

వసుధ: పిల్లలు కూర్చున్న లోతునే చూశాం, మోకాలిచిప్పను ఎవరూ చూడలేదు.

మూర్తి: ఇంకొక మాట. పిరుదులోని మరో చిన్న కండరం గ్లూటియస్ మినిమస్‌లో బిగుసుకున్న ముడి కూడా కాలి పక్కగా చీలమండ దాకా నొప్పిని పంపుతుందని అమెరికా వైద్యులు జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ రాశారు. ఆ ముడుల సిద్ధాంతంపై వైద్యుల్లో వాదన ఉంది, కానీ చేత్తో నొక్కి చూడకుండా నరమే అనడం తొందరపాటు. దగ్గితే, తుమ్మితే నొప్పి కాలిలోకి దూకుతుందా? బొటనవేలు పైకెత్తే బలం తగ్గిందా?

వసుధ: అవేవీ లేవు. ఎక్కువసేపు కూర్చుంటేనే ఎక్కువవుతుంది.

మూర్తి: ఆ లక్షణం కండరం వైపే ఎక్కువ మొగ్గుతుంది. అయితే పాదం వేలాడినా, మలమూత్రాల మీద అదుపు పోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా ఆ రాత్రే కేజీహెచ్, అంటే ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి, అత్యవసర విభాగానికి వెళ్లాలి.

వసుధ: ఆమె చీలమండ రిఫ్లెక్స్, అదే మడమ పైన తట్టి నరం స్పందన చూసే పరీక్ష, ఎవరూ చూడలేదట.

మూర్తి: శనివారం తీసుకురండి, నేను చూస్తాను.