మీ చేతిలో ఉన్నది ఏ బ్రాహ్మి?

యాంకర్: నమస్కారమండీ. తడి నేలల్లో పాకే సరస్వతి ఆకు గురించి ఈ రోజు అడగొచ్చు. వృక్షశాస్త్రం మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ కలిసింది. హలో, చెప్పండి.

కాలర్: హలో, నమస్తే మేడమ్. మా బాబుకి పరీక్షలు దగ్గర పడ్డాయి, ఒకటే టెన్షన్. సరస్వతి ఆకు తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందన్నారు. నీళ్ల పక్కన గుండ్రటి ఆకుల మొక్క కనిపిస్తే తెచ్చాను. రోజుకి ఎన్ని ఆకులు పెట్టాలి?

మేడమ్: ఎన్ని అనేది తర్వాత చూద్దాం అమ్మా. మొక్క దగ్గరుందా? ఒక ఆకు తిప్పి చూడండి. కాడ ఎక్కడ అతుక్కుంది?

కాలర్: ఒక్క నిమిషం... నడిమధ్యలో మేడమ్. గొడుగుకి కర్ర ఉన్నట్టు.

మేడమ్: అయితే అది సరస్వతి ఆకు కాదు. తామరాకుకి కూడా కాడ అలాగే మధ్యలో ఉంటుంది చూడండి. మీరు తెచ్చింది హైడ్రోకొటైల్ జాతి మొక్క అయి ఉంటుంది, నీటి తొట్లలో అందానికి పెంచుతారు. సరస్వతి ఆకుకి ఒక వైపు లోతుగా గంటు ఉంటుంది, కాడ వచ్చి ఆ గంటులోనే కలుస్తుంది. మూత్రపిండం ఆకారం, అంచు పొడవునా గుండ్రటి పళ్లు. మీరు పొరబడ్డారని బాధపడకండి. 1753లో లినేయస్ అనే వృక్షశాస్త్రవేత్త కూడా సరస్వతి ఆకుని హైడ్రోకొటైల్ జాతిలోనే పెట్టాడు. 1879లో అర్బన్ అనే శాస్త్రవేత్త సెంటెల్లా జాతిలోకి మార్చాడు. ఇప్పుడు సెంటెల్లా ఏసియాటికా అంటున్నాం.

యాంకర్: బ్రాహ్మి అన్నా ఇదేనా మేడమ్?

మేడమ్: అక్కడే చిక్కు. ఆ పేరుతో రెండు మొక్కలు చలామణీ అవుతున్నాయి. సెంటెల్లా కొత్తిమీర, క్యారెట్ల కుటుంబం. రెండోది బకోపా మొన్నియేరి, ఇసబ్గోల్ కుటుంబం. ఇదీ బురదలో పాకేదే, కాస్త ఉప్పు నీళ్లనైనా తట్టుకుంటుంది. కానీ ఆకులు చిన్నవి, మందంగా పాయలకూర ఆకుల్లా ఉంటాయి, కణుపుకి రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి. తెల్లటి చిన్న పువ్వు. నమిలితే చేదు. పొడి చేసి డబ్బాలో పోశాక రెండింటినీ కంటితో పోల్చుకోవడం కష్టం. అందుకే డబ్బా మీద శాస్త్రీయ నామం లేకపోతే నేను కొనను.

కాలర్: మరి జ్ఞాపకశక్తికి ఏది మేడమ్?

మేడమ్: మనుషుల మీద పరీక్షలు ఎక్కువగా జరిగింది బకోపా సారంతో. చాలావాటిలో 12 వారాలు వాడాక చూశారు. కొందరికి వికారం, విరేచనాలు కూడా అయ్యాయి. కాబట్టి పరీక్ష ముందు వారం మొదలుపెడితే జ్ఞాపకశక్తి సంగతేమో గానీ కడుపు పాడవ్వొచ్చు. బాబుని కంటినిండా పడుకోనివ్వండమ్మా.

కాలర్: సరే మేడమ్. ఈ మొక్క పారేయనా?

మేడమ్: కుండీలో వేసుకోండి. కాలువలో మాత్రం పడేయకండి. ఒక్క కణుపు ముక్క చాలు, మళ్లీ వేళ్లు వేసి నీళ్లంతా కమ్మేస్తుంది.

యాంకర్: ఇంకో ఫోన్. హలో, మాట్లాడండి సార్.

కాలర్: మేడమ్, నా దగ్గరున్నది అసలైన సెంటెల్లానే, మీరు చెప్పినట్టు గంటు ఉంది. నీడలో ఉన్న కుండీలో ఆకులు పెద్దవి, కాడలు జానెడు. ఎండలో ఉన్న కుండీలో నేలకి అంటుకుని చిన్నగా ఉన్నాయి. రెండూ వేరే రకాలా?

మేడమ్: ఒకటే. నీడలో వెలుతురు కోసం కాడ సాగుతుంది, ఆకు వెడల్పవుతుంది. విత్తనాలు జల్లి ఎదురుచూడకండి, సరిగా మొలవవు. పాకే తీగని వేళ్లున్న కణుపుతో సహా తుంచి నాటండి. పూలు ఎప్పుడైనా చూశారా?

కాలర్: లేదే! పూస్తుందా?

మేడమ్: పూస్తుంది సార్. లేత గులాబీ రంగు, చాలా చిన్నవి, నేలకి దగ్గరగా ఆకుల చాటున ఉంటాయి. వంగి చూడాలి.

కాలర్: చూస్తాను. ఇంకొక్కటి మేడమ్. చేతికి గాయమైతే ఆకు నూరి పెట్టొచ్చా? క్రీముల్లో ఇదే వాడతారట కదా.

మేడమ్: వాడతారు. ఈ ఆకులో ఉండే ఏసియాటికోసైడ్, మేడకాసోసైడ్ అనే పదార్థాలు చర్మంలో కొలాజెన్ అనే ప్రొటీన్ తయారీని పెంచుతాయి. కానీ అది శుద్ధి చేసిన సారం. మీరు నూరే ఆకుకి మట్టీ సూక్ష్మజీవులూ అంటుకుని ఉంటాయి, తెరిచిన గాయం మీద వద్దు. క్రీముతో కూడా కొందరికి దద్దుర్లు వస్తాయి. ఇక మాత్రలంటారా, వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. లివర్ జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.

కాలర్: పచ్చి ఆకు తినొచ్చా అయితే? కాలువ పక్కన బోలెడుంది.

మేడమ్: ఆ కాలువలోకి ఏ నీళ్లు వస్తాయి?

కాలర్: పైన పశువులు మేస్తాయి. వర్క్‌షాపుల నీళ్లు కూడా కలుస్తాయి.

మేడమ్: వద్దు సార్. పశువుల కాలేయంలో ఉండే ఫ్లూక్ పురుగు నత్తల్లో పెరిగి, బయటికొచ్చి నీటి మొక్కల ఆకులకి అంటుకుని కూర్చుంటుంది. పచ్చిగా తింటే మన కాలేయంలోకి చేరుతుంది.

కాలర్: ఉడికిస్తే?

మేడమ్: బాగా ఉడికిస్తే పురుగు చస్తుంది, కానీ వర్క్‌షాపుల నీళ్లతో వచ్చే సీసం లాంటి లోహాలు పోవు. సెంటెల్లా మట్టిలోని లోహాల్ని బాగా లాగేసుకుంటుంది. మీ కుండీలో ఉంది కదా, మంచి నీళ్లు పోసి అదే తినండి.

కాలర్: నీడలోదా, ఎండలోదా మేడమ్?

మేడమ్: లేతగా ఏది ఉంటే అది సార్.