మీటరు మీద 220 ఉంది, బండిలో ఉందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం రావులపాలెంలో మా బాబాయి షెడ్డులో కూర్చున్నాం. మధ్యలో పానాల చప్పుడు వినిపిస్తుంది, ఏమీ అనుకోకండి. బాబాయ్, నా చిన్న కారు ఎంత తొక్కినా 160 దాటదని మీరే అంటారు. మీటరు మీద 220 ఎందుకు వేశారు?

బాబాయి: ఆ మీటరు నీ ఒక్క కారు కోసం చేసింది కాదమ్మా. అదే బండిని చిన్న ఇంజనుతోనూ అమ్ముతారు, ఎక్కువ శక్తినిచ్చే టర్బో ఇంజనుతోనూ అమ్ముతారు. ఒక్కోదానికి ఒక్కో డయలు అంటే ఖర్చు. అన్నిటికంటే జోరుగా పోయేదానికి సరిపడా అంకెలు వేసి, అన్నిటికీ అదే బిగిస్తారు.

వ్యాఖ్యాత: ఖర్చు ఒక్కటేనా?

బాబాయి: చూపు సంగతి కూడా ఉంది. రోజూ నడిపే 80, 100 దగ్గర ముల్లు డయలు పైభాగంలో నిలబడితే, రోడ్డు మీంచి కళ్ళు తిప్పిన క్షణంలోనే తెలుస్తుంది. పెద్ద అంకె చూస్తే కొనేవారికి ముచ్చట, అదీ నిజమే. అమెరికాలో 1979లో గంటకు 85 మైళ్ళు, అంటే 137 కిలోమీటర్లు దాటి అంకెలు వేయకూడదన్నారు. కొన్నేళ్ళకే ఆ నిబంధన ఎత్తేశారు.

వ్యాఖ్యాత: మరి బండి 220 అందుకోకపోవడానికి అడ్డేమిటి?

బాబాయి: గాలి. సఖినేటిపల్లి నుంచి అంతర్వేదికి సముద్రపు గాలికి ఎదురు సైకిలు తొక్కినవాళ్ళను అడుగు, చెబుతారు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలు. దాన్ని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు! చిన్న ఇంజను దగ్గర అంత ఎక్కడుంటుంది?

వ్యాఖ్యాత: మొన్న సిద్ధాంతం వంతెన మీద మీటరు 80 చూపిస్తే ఫోను 76 అంది.

బాబాయి: అలా ఉండడమే మంచిది. ఐక్యరాజ్య సమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు, పదో వంతు మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా. అసలు వేగం 80 అయితే 92 వరకు చూపినా తప్పు కాదు. టైరు అరిగితే తేడా ఇంకొంచెం పెరుగుతుంది. మీటరు లెక్కపెట్టేది చక్రం తిరిగిన చుట్లనే కదా, అరిగిన టైరు అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది.

నాకు బాధ కలిగించేది దీనికి తిరగబడ్డ సంగతి. కుర్రాళ్ళు అందం కోసం పెద్ద టైర్లు వేయమంటారు. చుట్టుకొలత నూటికి పది పెరిగిందనుకో, సరిగ్గా చూపే మీటరు 80 అన్నప్పుడు బండి 88లో ఉంటుంది. మన కాలువ గట్టు రోడ్లు తెలుసుగా, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చేను, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. అక్కడ బండి తన వేగం తక్కువ చేసి చెబితే ఎంత ప్రమాదం! అలాంటి టైర్లు నేను బిగించను. కోపం తెచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళున్నారు, వెళ్ళనీ.

వ్యాఖ్యాత: నా కారుకు ఏ కొలత టైర్లు ఉండాలి?

బాబాయి: డ్రైవరు తలుపు తీస్తే లోపలి అంచున ఒక కాగితం అంటించి ఉంటుంది. రా, చూద్దాం. నీ ముందు టైర్ల అరుగుదల కూడా చూడాలి, ఇందాక నువ్వు వచ్చినప్పుడే అనుకున్నాను.