ముప్పై లక్షల అప్పు ముందు మూడు వేలు ఏపాటి?

నమస్కారం. ఇంటి ఖర్చులు తగ్గించుకుని గృహరుణాన్ని గడువుకు ముందే తీర్చవచ్చని చెప్పిన ప్రతిసారీ నాకు ఒకటే మాట ఎదురవుతోంది: "ముప్పై లక్షల అప్పున్నవాడికి నెలకు మూడు వేలు మిగిలితే ఎంత, మిగలకపోతే ఎంత?" ఇది విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అలా అంటున్నవారు సోమరులు కారు, లెక్కలు రానివారూ కారు. వారు ఆ మూడు వేలను పోల్చకూడని అంకెతో పోలుస్తున్నారు, ఆ ఒక్క పొరపాటు వల్ల ఏళ్ల తరబడి కట్టనవసరం లేని వాయిదాలను మోస్తున్నారు.

తెర మీద ఉన్న పట్టికను చూడండి, ఇందులో ఒక్కో వరుస ఒక్కో నెల వాయిదాను వడ్డీగా, అసలుగా విడదీసి చూపుతుంది. అప్పు 30 లక్షలు, వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు, అంటే 240 వాయిదాలు. నెల వాయిదా 26,992. అయితే మొదటి వాయిదాలో 22,500 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 4,492 మాత్రమే. మీరు మిగిల్చిన మూడు వేలను పోల్చవలసింది 30 లక్షలతో కాదు, 26,992తో కూడా కాదు, ఈ 4,492తో. అలా చూస్తే, నెలకు మూడు వేలు అదనంగా కట్టిన ఇంట్లో మొదటి నెలలోనే అసలు తరిగే వేగం సుమారు మూడింట రెండు వంతులు పెరుగుతుంది.

దీన్ని నేను ఎప్పుడూ కలుపు తీయడంతో పోల్చి చెబుతాను, ఎందుకంటే అప్పు పెరిగే తీరుకు అంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు. చేనులో 30 లక్షల కలుపు మొక్కలు ఉన్నాయనుకోండి. నెలకు 26,992 మొక్కలు పీకుతున్నారు, కానీ అదే నెలలో మిగిలిన కలుపు రాల్చిన విత్తుల నుంచి 22,500 మొక్కలు కొత్తగా మొలుస్తున్నాయి. నెలంతా నడుము వంచి పనిచేసినా చేను అలాగే కనిపించడానికి కారణం ఇదే. ఇక్కడ గమనించవలసింది, ఎన్ని మొక్కలు మిగిలి ఉంటే దానికి తగినన్ని పుడతాయి. అందువల్ల ఈ రోజు ఒక మొక్కను అదనంగా పీకితే పోయేది ఆ మొక్క ఒక్కటే కాదు, దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, 20 ఏళ్ల సంతానం మొత్తం పుట్టకుండా పోతుంది.

ఈ సంతానాన్ని లెక్కపెట్టవచ్చు. అప్పు తీసుకున్న మొదట్లోనే ఒక వెయ్యి అదనంగా కట్టి, ఆ తరువాత మామూలుగా వాయిదాలు కట్టుకుంటూ పోతే, చివరి వాయిదాలో సుమారు ఆరు వేలు కట్టవలసిన పని ఉండదు. అదే వెయ్యిని 15 ఏళ్లు గడిచాక కడితే తగ్గేది సుమారు 1,566 మాత్రమే. వెయ్యి అదే, వడ్డీ రేటు అదే. మారింది ఆ మొక్కకు విత్తులు రాల్చడానికి దొరికిన కాలం.

పట్టికలోనే ఇంకొకటి చూపిస్తాను, ఇది నాకు ఎంతో ఇష్టమైన లెక్క. మొదటి వాయిదాతోపాటు మరో 4,525 కట్టారనుకుందాం. అది రెండో నెల వాయిదాలో అసలు కింద పోవలసిన భాగం. దాన్ని ముందే కట్టేశారు కాబట్టి, గడువు తగ్గించుకునే పద్ధతిలో, పట్టికలోని రెండో వరుస మొత్తం చెరిగిపోతుంది, అందులోని 22,466 వడ్డీతో సహా. మరుసటి నెల మీరు కట్టే వాయిదా నిజానికి మూడో వరుసలోనిది. నాలుగున్నర వేలతో దాదాపు 27 వేల వాయిదా ఒకటి తప్పిపోయిందని కళ్లారా చూశాక, మూడు వేలు ఏపాటి అన్న ప్రశ్న నిలబడదు.

మొదటి నెల నుంచీ నెలకు మూడు వేలు అదనంగా కట్టినవారికి 240 వాయిదాలకు బదులు 186 వాయిదాలతో అప్పు తీరిపోతుంది, అంటే నాలుగున్నరేళ్లు ముందు. వారు అదనంగా కట్టింది మొత్తం మీద సుమారు 5 లక్షల 57 వేలు. కట్టే పని లేకుండా పోయిన వాయిదాల విలువ సుమారు 14 లక్షల 67 వేలు. తేడా తొమ్మిది లక్షలకు పైగా ఉంది, అదంతా కట్టే పని తప్పిన వడ్డీయే.

ఇక్కడే మరో అపోహను కూడా తొలగించాలి. "బ్యాంకు తన వడ్డీనంతా మొదటి సగం కాలంలోనే లాగేసుకుంటుంది, కాబట్టి తరువాత ముందుగా కట్టి లాభం లేదు" అని చాలామంది నమ్ముతారు. వడ్డీని ఎవరూ ముందుగా లాక్కోవడం లేదు; ఏ నెల వడ్డీని ఆ నెల మిగిలిన అసలు మీదనే లెక్కిస్తారు. మొదట్లో వడ్డీ ఎక్కువగా ఉండేది చేనులో కలుపు ఎక్కువగా ఉన్నందుకే. మన పట్టికలో అసలు సగానికి తగ్గడానికి దాదాపు 14 ఏళ్లు పడుతుంది, చూసినవారికి గుండె గుభేలుమనే మాట వాస్తవమే. అయినా పదిహేనో ఏట అదనంగా కట్టిన వెయ్యి కూడా ఆ రోజు నుంచి 9 శాతం వడ్డీని ఆపుతూనే ఉంటుంది. ఆలస్యమైంది కాబట్టి మానేద్దామనుకోవడం, సగం చేను బాగుచేశాక మిగతా సగాన్ని కలుపుకు వదిలేయడం లాంటిది.

ఇక ఆ మూడు వేలు ఎక్కడి నుంచి వస్తాయన్నది చూద్దాం. రోజూ మనసును అదుపులో పెట్టుకుని చేసే పొదుపు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ప్రతి చిన్న కొనుగోలు దగ్గరా ఆగి ఆలోచించమంటే ఎంత గట్టివారైనా కొన్ని వారాలకు అలసిపోతారు. దానికన్నా, ఒక్కసారి నిర్ణయిస్తే ప్రతి నెలా తనంతట తాను ఖర్చు తగ్గించే మార్గాలను ముందుగా వెతకాలి: ఎవరూ చూడని ఛానెళ్ల చందాలు, అవసరాన్ని మించిన ఫోన్, ఇంటర్నెట్ ప్లాన్లు, వారానికొకసారి మాత్రమే కదిలే రెండో వాహనం, ఏళ్ల తరబడి పోల్చి చూడకుండా పునరుద్ధరిస్తున్న వాహన బీమా. మూడు నెలల బ్యాంకు ఖాతా వివరాలను ముందు పెట్టుకుని, నెలనెలా తప్పకుండా పోతున్న ప్రతి మొత్తం కింద గీత గీయండి. ఈ పనికి ఒక సాయంత్రం చాలు. ఆ తరువాత, వేరే చిన్న అప్పు ఏదైనా తీరిపోయిన నెల నుంచే దాని వాయిదాను ఇంటి అప్పు వైపు మళ్లించండి, ఎందుకంటే ఆ సొమ్ము లేకుండా బతకడం ఇంటికి అప్పటికే అలవాటై ఉంటుంది. జీతం పెరిగినప్పుడు పెరుగుదలలో సగం కూడా అలాగే మళ్లించవచ్చు.

తగ్గించకూడనివీ ఉన్నాయి. ఆరోగ్య బీమా, మందులు, కారుతున్న పైకప్పు మరమ్మతు వాయిదా వేస్తే అవి రేపు పెద్ద ఖర్చులై తిరిగి వస్తాయి. పైరును కూడా కలుపుతోపాటు పీకేయడాన్ని పొదుపు అనలేము. ఇంట్లో ఒకరే నిర్ణయం తీసుకుని మిగిలినవారి అవసరాల మీద మాత్రమే కోత పెట్టడం కూడా నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అప్పు ఇంటిదైనప్పుడు పట్టికను ఇంటిల్లిపాదీ కలిసి చూడాలి.

ఖర్చు నిజంగానే తగ్గించినా అప్పు తగ్గని ఇళ్లను నేను చాలా చూశాను. కలుపు తీసిన అనుభవం ఉన్నవారికి కారణం వెంటనే తెలుస్తుంది: పీకిన మొక్కను తడి నేల మీదే వదిలేస్తే అది మళ్లీ వేరు పట్టుకుంటుంది, గట్టు మీద ఎండలో పడేస్తేనే చస్తుంది. మిగిల్చిన మూడు వేలు రోజువారీ ఖర్చుల ఖాతాలోనే ఉంటే నెలాఖరుకు మరో ఖర్చుగా మొలకెత్తుతాయి. ఖర్చు తగ్గించిన రోజున అప్పు తగ్గదు, ఆ సొమ్ము రుణ ఖాతాలో అసలు కింద జమ అయిన రోజునే తగ్గుతుంది. అందుకే జీతం పడిన మరుసటి రోజే అది తనంతట తాను బదిలీ అయ్యేలా ఏర్పాటు చేసుకోవాలి.

సమయం దగ్గర పడుతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. అదనపు సొమ్మును అసలుకు జమ చేయమని స్పష్టంగా రాసి ఇవ్వండి, లేకపోతే కొన్ని బ్యాంకులు దాన్ని రాబోయే వాయిదాకు అడ్వాన్సుగా ఉంచవచ్చు. ముందస్తు చెల్లింపు తరువాత వాయిదా తగ్గించాలా, గడువు తగ్గించాలా అని అడిగితే గడువే తగ్గించమనండి. కలుపు పలచబడింది కదా అని కూలీలను తగ్గిస్తే పని మళ్లీ పాత గడువు వరకూ సాగుతుంది. స్థిర వడ్డీ రుణాల్లో ముందస్తు చెల్లింపుకు రుసుము ఉండవచ్చు, ఒప్పందం చదివి తేల్చుకోండి. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే అది ముందు తీర్చాలి, దాని వడ్డీ ఇంటి రుణం వడ్డీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంతకన్నా ముందు కనీసం మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, ఎందుకంటే రుణ ఖాతాలో కట్టేసిన సొమ్మును అవసరం వచ్చినప్పుడు వెనక్కి తీసుకునే వీలు చాలా రుణాల్లో ఉండదు. వడ్డీ మీద పన్ను మినహాయింపు పొందుతున్నవారు దాన్ని తీసివేసి తమ మీద నిజంగా పడే వడ్డీ భారం ఎంతో చూసుకోండి. ఆ తరువాత కూడా డిపాజిట్ మీద పన్ను పోగా వచ్చేదానికన్నా రుణం మీద ఆగే వడ్డీ ఎక్కువైతే ముందుగా కట్టడమే లాభం.

ఏడాదికొకసారి రుణ ఖాతా పట్టికను అడిగి తీసుకుని, అసలులో ఎంత తగ్గిందో మీ లెక్కతో సరిచూసుకోండి. చివరి వాయిదా అయ్యాక బాకీ లేదన్న ధ్రువపత్రాన్ని, తనఖా పెట్టిన అసలు దస్తావేజులను చేతికి తీసుకుని, తనఖా నమోదైన చోట దాన్ని రద్దు చేయించుకునేవరకు ఆ ఫైలును మూయవద్దు.