మీ స్ప్రే గన్ తప్పేం లేదు, దానికి గాలి పంపే కంప్రెసర్‌కే ఊపిరి లేదు!

ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి కూడా తిట్లు పడతాయని నాకు తెలుసు. పోయిన వారం ఏమన్నాను? ఏడాదికి ఒకసారి బంపరో, బండి ట్యాంకో ఇంట్లో పెయింట్ కొట్టుకునేవాడికి హెచ్‌వీఎల్‌పీ గన్, అంటే తక్కువ ప్రెజర్‌తో ఎక్కువ గాలి తాగే రకం, దండగ అన్నాను. అంతే, కామెంట్లలో ఉతికి ఆరేశారు. ఒకాయన "నీకు కెమెరా ముందు వాగడం తప్ప పెయింటింగ్ రాదు" అన్నాడు, సరే, సగం నిజమే. ఇంకొకాయన తన గన్ ఫోటో పెట్టి "దీంతో ఒక్కసారి కొట్టి చూడు, అప్పుడు మాట్లాడు" అన్నాడు. గన్ నిజంగానే బాగుంది బ్రదర్, పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. మరి నీ కంప్రెసర్ ఫోటో ఏది?

నా గొడవంతా అదే. అందరూ గన్ చూపిస్తారు, గాలి గురించి ఒక్కడూ మాట్లాడడు. ఈ రోజు ఒకటే మాట చెప్తా, పది సార్లు చెప్తా, చిరాకు పడకండి: గన్ కాదు, గాలి చూసి కొనండి. సీఎఫ్ఎం. నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి వస్తుందన్న లెక్క. మీ కంప్రెసర్ డబ్బా మీద హెచ్‌పీ ఇంత లావు అక్షరాల్లో ఉంటుంది, ట్యాంకు లీటర్లు ఉంటాయి, పీఎస్ఐ, అంటే ప్రెజర్ లెక్క, ఉంటుంది. సీఎఫ్ఎం మాత్రం ఏ మూలనో చీమ తలకాయంత ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. ఎందుకుండదో నాకో అనుమానం ఉంది. చిన్నప్పుడు టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ 1000 వాట్స్ అని స్టిక్కర్ ఉండేది గుర్తుందా? పాట పెడితే పక్క గదిలోకి వినపడేది కాదు. అదే కథ ఇది. మనం పెద్ద నంబరు చూసి పడిపోతాం, వాళ్లకి ఆ సంగతి తెలుసు.

సరే, లెక్క చూద్దాం. చాలామంది ఇళ్లలో ఉండేది 24 లీటర్ల ట్యాంకు, ఒక హెచ్‌పీ మోటరు. ట్యాంకు 8 బార్ (ఇదీ ప్రెజర్ లెక్కే) దాకా నింపావు. గన్ సరిగ్గా పని చేయాలంటే 3 బార్ దాకా దిగనివ్వొచ్చు అనుకుందాం. తేడా 5 బార్. 24 లీటర్లు ఇంటూ 5, అంటే 120 లీటర్ల గాలి నీ చేతిలో ఉంది. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28 లీటర్ల చిల్లర. నువ్వు ముచ్చటపడి కొన్న పెద్ద గన్ 10 సీఎఫ్ఎం తాగుతుందనుకో, నిమిషానికి 283 లీటర్లు. నీ 120 లీటర్లు 25 సెకన్లలో హాంఫట్. మోటరు తిరుగుతూనే ఉంటుంది కదా అంటావా? ఆ సైజు మోటరు నిజంగా ఇచ్చేది మూడు, నాలుగు సీఎఫ్ఎం. అది కలిపినా 40 సెకన్లు. నలభై సెకన్లలో బానెట్ మీద సగం దూరం కూడా పోలేవు!

బోరులో నీళ్లు లేనప్పుడు పొలంలో ఎంత పెద్ద స్ప్రింక్లర్ పెడితే ఏం లాభం? రైతుని అడగండి, నవ్విపోతాడు. కార్ల దగ్గరికి వచ్చేసరికి మనకి ఆ తెలివి ఏమైపోతుందో.

ఇది నేను పుస్తకం చదివి చెప్పట్లేదు, మా మామయ్య మారుతి 800 బానెట్ నాశనం చేసి చెప్తున్నా. సిల్వర్ మెటాలిక్. విజయవాడలో మా మేడ మీద, పొద్దున్నే, ఎండ ముదరకముందే మొదలుపెట్టాను. లప్పం పెట్టాను, 400 నుంచి 800 దాకా వాటర్ పేపర్ కొట్టాను, ప్రైమర్ వేశాను, అన్నీ పద్ధతిగానే. కొత్త గన్ పట్టుకుని ఎడమ పక్క నుంచి మొదలుపెడితే, అబ్బా, పొగమంచు పడినట్టు పడింది రంగు. మామయ్య "ఒరేయ్, షోరూమ్‌లా వస్తోందిరా" అన్నాడు. నడిమధ్యకొచ్చేసరికి శబ్దం మారింది. అప్పటిదాకా స్స్స్ అంటున్నది ఫుస్, ఫుస్ అనడం మొదలెట్టింది. మంచు పోయి తుంపర్లు పడ్డాయి. గాలి తగ్గితే రంగు చుక్క పెద్దదవుతుంది, పెద్ద చుక్క తడిగా పడుతుంది, ఆ తడిలో సిల్వర్ పొడి ఒక్కచోట కుదురుగా ఉండక జరిగిపోయి ఆ భాగం నల్లబడుతుంది. ఆరాక చూస్తే బానెట్‌కి ఎడమ పక్క వెండి, కుడి పక్క చారలు. మామయ్య ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

కొడుతున్నప్పుడు తీసిన వీడియో పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. అక్కడ ముప్పై ఏళ్లుగా పెయింట్ కొడుతున్న ఒక బాబాయి ఉన్నాడు. ఫోన్ చేతికిస్తే స్క్రీన్ చూడనే లేదు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. పది సెకన్లు విన్నాడు. "గాలందట్లేదురా, దానికి ఆయాసం" అన్నాడు. అంతే. చారల సంగతి నేను చెప్పకముందే చెప్పేశాడు. ఆయన చేతిలో గన్ చూస్తే నాదానికంటే పాతది, పైన రంగు పొరలు పొరలుగా గట్టిపడి మర్రిచెట్టు బెరడులా ఉంది. వెనకాల కంప్రెసర్ మాత్రం చిన్న ఏనుగంత ఉంది.

ఇక్కడ ఒక కథ చెప్పుకోవాలి, పక్కదారి అయినా సరే. స్ప్రే గన్ అసలు ఎక్కడ పుట్టిందో తెలుసా? అమెరికాలో ఒహాయో రాష్ట్రం, టొలీడో ఊళ్లో అలెన్ డివిల్‌బిస్ అని ఒక డాక్టరు గొంతులోకి మందు కొట్టడానికి చిన్న సీసా, దానికో రబ్బరు బుడ్డి పెట్టాడు. ఆయన కొడుకు థామస్ ఆ కిటుకునే రంగు కొట్టడానికి పెద్దది చేశాడు. ఈ రోజుకీ పెద్ద పెద్ద షోరూమ్ వర్క్‌షాపుల్లో డివిల్‌బిస్ పేరు మీద గన్‌లు ఉన్నాయి. ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆ సీసాలో పనంతా రబ్బరు బుడ్డిది! బుడ్డి గట్టిగా నొక్కితే మంచు, మెల్లగా నొక్కితే చుక్కలు. నూట పాతికేళ్లు దాటినా సంగతి అదే.

ఇక హెచ్‌వీఎల్‌పీ భక్తులకి. అది ఫినిష్ కోసం పుట్టింది కాదు స్వామీ. 1980ల్లో దక్షిణ కాలిఫోర్నియా వాళ్లు గాలి కాలుష్యం తగ్గించాలని నిబంధనలు పెడితే ఊపందుకుంది. గన్ మూతి దగ్గర ప్రెజర్ 10 పీఎస్ఐ దాటకూడదు, రంగులో కనీసం 65 శాతం వస్తువు మీదే పడాలి, గాల్లోకి ఎగిరిపోకూడదు. మంచి విషయమే, రంగు మిగులుతుంది, కాదనను. కానీ ప్రెజర్ తగ్గించి అదే పని చేయాలంటే గాలి ఎక్కువ పోయాలి, పేరులోనే ఉంది కదా, హై వాల్యూమ్ అని. ఆ వాల్యూమ్ నీ 24 లీటర్ల డబ్బాలో ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పు?

మరి ఏం కొనాలి అంటారు. బైకు సైడ్ ప్యానెల్, అద్దం కప్పు, బంపర్ మూల గీత, వీటికి ఏమీ కొనొద్దు. కారు కలర్ కోడ్ చూసుకుని ఆ కోడ్‌తో స్ప్రే డబ్బాలో రంగు నింపించుకోండి. స్ప్రే డబ్బా అంటే నామోషీ ఎందుకో నాకర్థం కాదు, లోపల ప్రెజర్ వాళ్లే పెట్టి ఇస్తున్నారు, కంప్రెసర్ గోలే లేదు. బండి ట్యాంకు, బంపరు, ఫెండరు ఏడాదికి రెండు మూడు కొడతానంటే 0.8 నుంచి 1 ఎంఎం నాజిల్ ఉన్న చిన్న టచప్ గన్, లేదంటే 1.3 నాజిల్ ఎల్‌వీఎల్‌పీ గన్, అంటే తక్కువ ప్రెజర్‌తో తక్కువ గాలి తాగే రకం, చూడండి. అందులో నాలుగు సీఎఫ్ఎం దగ్గర నడిచేవి ఉన్నాయి. గన్‌తో వచ్చే కాగితం మీద రాసుంటుంది, షాపువాడి నోటిమాట కాదు, కాగితం చూడండి. కంప్రెసర్ ఇచ్చేది గన్ తాగేదానికంటే కొంచెం ఎక్కువే ఉండాలి, సమానం ఉన్నా మోటరు ఊపిరి తీసుకోలేదు. ప్రెజర్ కూడా ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సెట్ చేయండి. ట్రిగ్గర్ వదిలేసి గేజ్ చూస్తే 30 పీఎస్ఐ చూపిస్తుంది, నొక్కగానే 18కి పడుతుంది, నువ్వేమో 30లో కొడుతున్నా అనుకుంటావు.

ఆ చేతిలో పట్టుకునే ప్లాస్టిక్ కరెంటు గన్ ఉంది చూశారా, గేటుకి, గోడకి, గ్రిల్‌కి బ్రహ్మాండం. కారు మీద మెటాలిక్ కొట్టారో, నున్నగా రాక నారింజ తొక్కలా గరుకుగా వస్తుంది. ఇక దాని గురించి మాట్లాడను.

కంప్రెసర్ ట్యాంకు కింద చిన్న నల్లా ఉంటుంది, ఎప్పుడైనా తిప్పారా? నాది మొదటిసారి తిప్పితే టీ డికాక్షన్ లాంటి నీళ్లు అరగ్లాసు వచ్చాయి. ఆ నీళ్లే పైపులోంచి రంగులోకి వస్తాయి. గన్‌కి ముందు ఒక వాటర్ ఫిల్టర్ పెట్టండి. వానాకాలంలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ అయితే అసలు ముట్టుకోవద్దు, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు చల్లబడి గాలిలో తేమని లాక్కుని పైన తెల్లగా పొగ పట్టినట్టు అయిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నాతో వాదన పెట్టుకోవద్దు. 2కె క్లియర్, అంటే రంగు మీద మెరుపు కోసం హార్డెనర్ కలిపి కొట్టే పారదర్శకమైన పూత. అందులో హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత రవ్వంత తగిలినా ఆయాసమే. వాసన రావట్లేదు కాబట్టి లేదనుకోవడానికి కూడా లేదు. కరోనా టైమ్‌లో మిగిలిన మాస్క్ పెట్టుకుని మేడ మీద 2కె కొడుతున్న వీడియోలు నాకు పంపుతున్నారు, "సూపర్ అన్నా" అనాలా నేను? బయటి నుంచి శుభ్రమైన గాలి పైపుతో వచ్చే మాస్క్ ఉన్న పెయింట్ బూత్‌లో కొట్టించుకోండి. లప్పం, పేపర్ పని ఇంట్లో మీరు చేసుకోండి, బానెట్ విప్పి ఆటోలో వేసుకెళ్లండి.

నేనూ చివరికి అదే చేశాను. బాబాయి రెండు గంటల్లో తేల్చేశాడు. మామయ్య బానెట్ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, "బాగుందిరా, కానీ ఇప్పుడు డోర్లు పాతవి కనపడుతున్నాయి" అన్నాడు. నాలుగు డోర్లు. సరే, నన్ను తిట్టాలనుకున్నవాళ్లు తిట్టండి, కానీ ముందు కిందికి వంగి మీ కంప్రెసర్ ప్లేట్ ఫోటో తీసి, సీఎఫ్ఎం నంబరు కనపడేలా కామెంట్‌లో పెట్టి అప్పుడు తిట్టండి.