ముందు బ్రేకు, తర్వాతే రోగి

ఆసుపత్రిలో ట్రాలీలు నెట్టే మీ అందరికీ నమస్కారమండి. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వైద్యం కోసం చెన్నై వచ్చిన పెద్దవాళ్లకి, ఆసుపత్రిలో ట్రాలీ ఎక్కగానే వినబడే తెలుగు మాట చాలాసార్లు మీదే. వాళ్లు మీ చేతుల్ని నమ్మి పడుకుంటారు. అందుకే ఈ రోజు స్ట్రెచర్ ట్రాలీ గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

నెట్టడం అందరికీ వచ్చు. అసలు జాగ్రత్త కావాల్సింది బండి ఆగి ఉన్నప్పుడు, అంటే మంచం మీంచి ట్రాలీ మీదికి రోగిని మార్చే ఆ అర నిమిషంలో. కొన్ని ట్రాలీలకు చక్రానికో బ్రేకు ఉంటుంది. తొందరలో ఒక్కటే తొక్కి వదిలేస్తాం. అప్పుడు బండి ఆ ఒక్క చక్రం చుట్టూ తిరుగుతుంది, మంచానికీ ట్రాలీకీ మధ్య సందు పడుతుంది, రోగి నడుము సరిగ్గా ఆ సందులోకి జారుతుంది. కాబట్టి అన్ని బ్రేకులూ వేయాలి, మంచం బ్రేకులు కూడా. వేశాక పక్క నుంచి తుంటితో ఒకసారి గట్టిగా నెట్టి చూడండి. కదిలిందంటే బ్రేకు అరిగిందన్నమాట, లేదా నేల తడిగా ఉంది. ఆ బండి మీదికి రోగిని ఎక్కించొద్దు.

ఒకే పెడల్‌తో అన్ని చక్రాలూ బిగుసుకునే ట్రాలీల్లో సాధారణంగా పెడల్‌కి మూడు స్థానాలుంటాయి. ఒకవైపు తొక్కితే బ్రేకు, మధ్యలో ఉంటే అన్ని చక్రాలూ స్వేచ్ఛగా తిరుగుతాయి, రెండోవైపు తొక్కితే ఒక చక్రం తిన్నగా నిలిచి బండి పక్కకి లాగకుండా ఉంటుంది. పొడవాటి వరండాలో ఈ మూడోది వాడితే మీ నడుముకి ఎంతో సుఖం.

రోగిని మార్చేటప్పుడు, దేని మీదికి మారుస్తున్నారో ఆ మంచం గానీ ట్రాలీ గానీ రెండోదానికన్నా ఒక వేలి మందం కిందికి ఉండాలి. ట్రాలీ అవతలి రెయిలు, అంటే రోగి పడకుండా పక్కన ఉండే కమ్మీ, ఎత్తే ఉంచండి. కనీసం నలుగురు కావాలి. తల దగ్గరున్నవాళ్లే లెక్కపెట్టాలి, మిగతావాళ్లు ఆ మాటకే కదలాలి. లెక్క మొదలయ్యే ముందు గొట్టాలన్నీ చేత్తో తడిమి చూడండి. యూరిన్ బ్యాగ్‌ని రోగి పొట్ట మీద పెట్టి తీసుకెళ్లడం తరచూ కనిపిస్తుంది, అది మానాలి. మూత్రం వెనక్కి పారి ఇన్ఫెక్షన్ వస్తుంది. బ్యాగ్ ఖాళీ చేసి, మూత్రాశయం కన్నా కిందికి, నేలకి తగలకుండా తగిలించండి. ఛాతీ గొట్టం ఉంటే బాటిల్ నిలువుగా, ఛాతీ కన్నా కిందికి ఉండాలి. ఆ గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు మీకై మీరు వేయకండి, నర్సమ్మని అడగండి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే డాక్టరు రాకుండా మార్చొద్దు.

రోగి కాళ్లు ముందుకి ఉండేలా, మీరు తల దగ్గర నిలబడి నెట్టండి. ముఖం, ఊపిరి మీ కళ్ల ముందుంటాయి. ర్యాంపు మీద మాత్రం తల ఎప్పుడూ ఎత్తువైపే. ఎక్కేటప్పుడు తల ముందు, దిగేటప్పుడు కాళ్లు ముందు, ఇద్దరు తప్పనిసరి. లిఫ్టులోకి తలవైపు ముందు తీసుకెళ్తే బయటికి కాళ్లవైపు నుంచి రావచ్చు. గుమ్మం సందులో చిన్న చక్రాలు అడ్డం తిరిగి ఇరుక్కుంటాయి, అందుకని బండిని తిన్నగా, నెమ్మదిగా దాటించండి. సెలైన్ స్టాండు ముందే దించండి. లోపలికి వెళ్లగానే మళ్లీ బ్రేకు.

ఆక్సిజన్ లెక్క నోటికి రావాలి. మనం ట్రాలీతో తీసుకెళ్లే బి టైపు సిలిండర్ 10 లీటర్లది. మీటరు 150 బార్ (లోపలి ఒత్తిడి కొలత) చూపితే దాదాపు 1500 లీటర్ల వాయువు ఉన్నట్టు. 50 చూపితే 500. నిమిషానికి 10 లీటర్లు పెడితే 50 నిమిషాలే వస్తుంది. స్కానింగ్ దగ్గర వరుసలో నిలబడాల్సిన సమయం కూడా కలిపి, దారికి పట్టేదానికి రెట్టింపు ఉంటేనే బయల్దేరండి. సిలిండర్‌ని కింద దాని తొట్టిలో పట్టీ బిగించి పెట్టాలి, రోగి కాళ్ల మధ్య కాదు. పెద్ద అయస్కాంతంతో స్కాన్ తీసే ఎమ్మారై గది గుమ్మం దగ్గర మాత్రం మామూలు ట్రాలీ, సిలిండర్ రెండూ ఆగిపోవాలి. 2018 జనవరిలో ముంబయిలో సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లిన యువకుణ్ణి అయస్కాంతం లాక్కుంది, ప్రాణం పోయింది. యంత్రం ఆపేసినట్టు కనిపించినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.

చక్రాల ఇరుసులకి వెంట్రుకలు, దారాలు, ప్లాస్టరు ముక్కలు చుట్టుకుంటే బండి బరువెక్కి పక్కకి లాగుతుంది. వారానికోసారి తీసేయండి. పాడైన ట్రాలీకి ‘వాడొద్దు’ అని కాగితం అంటించి, ఏ చక్రమో ఏ రెయిలో కూడా దాని మీద రాయండి. అది రాయకపోతే బండి అదే లోపంతో వార్డుకి తిరిగొస్తుంది.