లైట్లు ఆర్పాక మీ ఉప్పునీటి ట్యాంక్‌లో తిరిగేవి ఏంటి?

[చీకటి గది. ట్యాంక్ అద్దం మీద ఎర్రటి వెలుగు.]

అద్దం మీద ఈ తెల్లటి చుక్కలు చూడండి, కదులుతున్నాయి. పగలు వెతికితే ఒక్కటీ కనపడదు, అదే లైట్లు ఆర్పిన రెండు గంటలకి వచ్చి చూస్తే అద్దం మీద, రాళ్ళ మీద, ఇసకలో, ఎక్కడ చూసినా ఏదో ఒకటి పాకుతూనే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు బాగా టెన్షన్ పట్టుకుంది. పగడాలకి పురుగు పట్టిందనుకుని ఆ రాత్రే రాగి కలిసిన మందు వెయ్యబోయాను. వేసి ఉంటే ఈ చిన్న ప్రాణులే కాదు, రొయ్యలూ నత్తలూ పగడాలూ అన్నీ పోయేవి. అందుకే చెప్తున్నా, అదేంటో తెలిసేదాకా ఏ మందూ వెయ్యకండి.

ఇవన్నీ రాత్రే ఎందుకు వస్తాయంటే, చేపలు పగటి వెలుగులో కంటితో చూసి వేటాడతాయి కాబట్టి. సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర జరిగేదీ ఇదే. చీకటి పడగానే రాతి సందుల్లోంచి ఇవి బయటికొస్తాయి, వీటిని పట్టుకోడానికే చాలా పగడాలు రాత్రిపూట చేతుల్లాంటి తీగలు (టెంటకిల్స్) చాస్తాయి.

[టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుడుతున్న చేతులు.]

తెల్ల టార్చ్ వేశారో, క్షణంలో మాయం. చాలా క్రస్టేషియన్లకి, అంటే రొయ్యల జాతి ప్రాణులకి, ఎర్ర వెలుగు సరిగ్గా తెలీదు. అందుకే టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి, ఫోన్‌ని అద్దానికి ఆనించి స్లో మోషన్‌లో వీడియో తీయండి. అందరూ ముందు ఆకారం చూస్తారు. నా మాట విని ముందు నడక చూడండి, ఎందుకంటే ఒక మిల్లీమీటరు ప్రాణికి కాళ్ళెన్నో లెక్కపెట్టలేం గానీ అది ఎలా కదులుతుందో మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

[దగ్గరి షాట్: అద్దం మీద చుక్కలు.]

ఆగి ఆగి, చటుక్కున ఎగిరినట్టు కదిలితే కోపీపాడ్, అంటే రొయ్యల జాతిలోనే ఓ బుల్లి ప్రాణి. నలుసంత ఉంటుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు. మాక్రో లెన్స్ పెట్టి చూస్తే ఆడదాని తోక దగ్గర గుడ్ల సంచి వేలాడుతూ కనిపిస్తుంది, కొన్ని రకాల్లో రెండు సంచులుంటాయి. నేనైతే అది చూశాక ఆ రాత్రి ట్యాంక్ దగ్గర్నుంచి లేవలేకపోయాను. మాండరిన్ చేప ముఖ్యంగా వీటిని తినే బతుకుతుంది, కాబట్టి అద్దం నిండా ఉంటే సంతోషించండి. అదే చుక్క ఎగరకుండా, పొడుగాటి కాళ్ళతో సాలీడులా నింపాదిగా నడుస్తుంటే మున్నిడ్ ఐసోపాడ్, ఇదీ రొయ్యల జాతి ప్రాణే. దాంతోనూ భయం లేదు.

కాస్త పెద్దది, సెంటీమీటరు లోపు, వీపు వంగిపోయి, పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉండి రాళ్ళ మధ్య సర్రున దూసుకెళ్తే యాంఫిపాడ్. పాచి, మిగిలిన తిండి తిని శుభ్రం చేస్తుంది. నీళ్ళ మధ్యలో గుంపుగా, కదలకుండా తేలుతూ, గాజులా పారదర్శకంగా ఉన్నవి మైసిడ్‌లు. వాటి తోక చివర మెరిసే రెండు గుండ్రటి చుక్కలుంటాయి, అవి నీళ్ళలో తల కిందా మీదా తెలుసుకునే అవయవాలు.

ఇప్పుడు జాగ్రత్తపడాల్సినవి. పక్కల నుంచి కాకుండా పైనుంచి అదిమినట్టు బల్లపరుపుగా ఉండి, పెద్ద కళ్ళతో, వేగంగా నేరుగా ఈదుతూ కనిపిస్తే సిరోలానిడ్ ఐసోపాడ్ కావచ్చు. ఇది చేప ఒంటికి పట్టుకుని రక్తం తాగి, మళ్ళీ ఇసకలోకి దూరిపోతుంది. పొద్దున చేప మీద కొత్త గాయం ఉంటే దీన్ని అనుమానించండి, రాత్రి ఎర పెట్టిన చిన్న సీసాతో పట్టండి.

బియ్యపు గింజలా తెల్లగా, రెండు మూడు మిల్లీమీటర్ల నత్త కనిపిస్తే అది ఎక్కడ కూర్చుందో చూడండి. అద్దం మీద పాచి గీకుతుంటే మామూలు నత్తే. టర్బో నత్త గవ్వ అంచునో, ట్రైడాక్నా అనే పెద్ద ఆల్చిప్ప అంచునో ఉంటే పిరమిడెల్లిడ్ అనే పరాన్నజీవి నత్త, గొట్టంలాంటి నోరు గుచ్చి రసం పీలుస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో రోజూ తీసేయాల్సిందే.

[రాతి సందులో గులాబీ రంగు పురుగు.]

ఇక బ్రిసిల్ వార్మ్, అంటే ఒంటి పక్కల సన్నటి ముళ్ళున్న పురుగు. దీన్ని చూసి ఎంతమంది ట్యాంక్ మొత్తం విప్పేస్తారో! మీ దగ్గరున్నది దాదాపుగా మిగిలిన తిండి తినే రకమే అయుంటుంది. ఎక్కువైపోయాయంటే మీరు తిండి ఎక్కువ వేస్తున్నారన్నమాట. పగడాలు తినే ఫైర్‌వార్మ్ వేరు, దాని ఒంటి పక్కన తెల్ల ముళ్ళ పక్కనే ఎర్రటి మొప్పల గుత్తులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఏదైనా సరే ఉత్త చేత్తో ముట్టుకోకండి, ముళ్ళు చర్మంలో దిగి మండిపోతుంది. దిగితే టేప్ అంటించి లాగండి.

ఇంకా తేలకపోతే డ్రాపర్‌తో ఆ ప్రాణిని పీల్చి, ట్యాంక్ నీళ్ళతోనే తెల్ల సాసర్‌లో వదలండి. తెల్లటి అడుగు మీద అది పక్కకి ఒరిగి గిలగిలా కొట్టుకుంటే యాంఫిపాడే. ఫోటో తీసుకుని, అది జాగ్రత్తపడాల్సిన రకం కాకపోతే వెంటనే ఆ నీళ్ళు ట్యాంక్‌లోనే పోసేయండి, సాసర్‌లో నీళ్ళు వెచ్చబడేదాకా ఉంచకండి.