కేటలీనా 22, ఫ్లికా 20: మన నెల్లూరు తీరానికి ఏది?

నమస్కారం ఫ్రెండ్స్. ముందుగా ఒక విషయం చెప్పేస్తాను. ఈ రెండు తెరచాప పడవల్నీ చెన్నైలో సెకండ్‌హ్యాండ్ బోట్లు అమ్మే ఒకాయన ఈ వీడియో కోసం పంపించారు. నా దగ్గర అద్దె తీసుకోలేదు, ట్రాలీ, క్రేన్ ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నారు. వీడియో మాత్రం ఆయనకి ముందుగా చూపించలేదు. ఇక పొడవు, వెడల్పు, తెరచాప కొలతలు మీరు ఎక్కడో చూసే ఉంటారు, అవి మళ్ళీ చదవను.

నేను మాట్లాడాలనుకున్నది పడవ నీళ్ళలోకి ఎంత లోతు దిగుతుందన్నది. ఫ్లికాకి అడుగున ముందు నుంచి వెనక దాకా కీల్, అంటే పడవ ఒరిగిపోకుండా ఆపే బరువైన రెక్క, ఉంటుంది. అది మూడడుగుల మూడంగుళాలు దిగుతుంది, ఎప్పుడూ అంతే. కేటలీనాలో మనకొచ్చింది కీల్ ఎత్తే మోడల్. దించితే ఐదడుగులు, ఎత్తితే రెండే అడుగులు.

మూడడుగులకీ రెండడుగులకీ ఇంత గోల దేనికి అంటారా? మన తీరం చూడండి. పెన్న సముద్రంలో కలిసే చోట ఇసుక మేట ఏ ఏటికి ఆ ఏడు జాగా మారుస్తుంది. పులికాట్ సరస్సు సగటు లోతు ఒక మీటరు చుట్టుపక్కలే. ఆ సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు మొగ పూడిపోతోందని, పూడిక తీయమని జాలర్లు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. పైగా మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒక మీటరే. గుజరాత్‌లో ఖంభాత్ వైపు లాగా పెద్ద పోటు వచ్చి ఇసుకలో కూరుకున్న పడవని లేపుతుందని ఇక్కడ ఆశ పెట్టుకోలేం.

కేటలీనా క్యాబిన్‌లోకి దిగే మెట్టు కింద ఒక చిన్న వించ్ ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే స్టీలు కేబుల్ చుట్టుకుంటూ పావు టన్ను ఇనప కీల్‌ని పైకి లాగుతుంది. కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేట్లో గట్టు పక్కకి పోయి కావాలనే ఇసుకకి తగిలించాను. కీల్ ఇరుసు మీద వెనక్కి మడుచుకుంది, పడవ నెమ్మదించింది, అంతే. నాలుగు చుట్లు తిప్పి వెనక్కి వచ్చేశాం. నాకు ఎంత ఆనందం వేసిందో మాటల్లో చెప్పలేను. ఇంతకుముందు నా దగ్గర లేజర్ డింగీ, అంటే ఒక్కరే నడుపుకునే చిన్న తెరచాప పడవ, ఉండేది. దానికి కీల్ బదులు ఉండే బోర్డు చేత్తో పైకి లాగేసేవాణ్ణి, ఏ రేవుకైనా పోయేవాణ్ణి. క్యాబిన్ ఉన్న పడవలో ఆ స్వేచ్ఛ దొరుకుతుందని అనుకోలేదు.

ఇప్పుడు చిరాకు సంగతి. వేగం అందుకోగానే ఆ కేబుల్ నీళ్ళలో అదురుతూ 'మ్మ్‌మ్' అని మోగుతుంది. కేబుల్‌తో కీల్ ఎత్తే పడవలకి ఇది మామూలే, ప్రమాదం ఏమీ లేదు. కానీ తెరచాప పడవ ఎక్కేదే ఇంజిన్ మోత లేకుండా పోవడానికి. గంటల తరబడి పాదాల కింద ఆ మోత వింటుంటే నాకు ఒళ్ళు మండింది. లంగరేశాక కీల్ దించి ఉంటే, అల వచ్చినప్పుడల్లా టక్కు టక్కుమని కొట్టుకుంటుంది కూడా. కీల్‌ని కదలకుండా పట్టే బోల్టు బిగిస్తే కొంత తగ్గుతుంది.

ఫ్లికా దగ్గరికి వద్దాం. అమెరికాలో రోడ్ ఐలండ్ జాలర్ల పాత పడవల్ని చూసి బ్రూస్ బింగమ్ గీసిన డిజైన్ ఇది. ఇరవై అడుగుల పడవలో మామూలు ఎత్తు మనిషి నిటారుగా నిలబడి టీ కాచుకోవచ్చు. బరువు రెండున్నర టన్నుల పైమాటే. మైపాడుకి ఎదురుగా, బాగా లోపల, మధ్యాహ్నం ఆగ్నేయపు గాలి పెరిగి అలలు లేచాక కేటలీనా ఎగిరెగిరి పడింది, వెనక మోటారు ఫ్యాను నీళ్ళ పైకి వచ్చి గిర్రున తిరిగింది. ఫ్లికా అదే నీళ్ళలో గంగిరెద్దులా తలూపుతూ పోయింది. చుక్కాని కర్ర ఒక వేలితో పట్టుకున్నాను.

కృష్ణపట్నం నుంచి చెన్నైకి సముద్రం మీద సుమారు 70 నాటికల్ మైళ్ళు. గంటకి నాలుగు మైళ్ళ చొప్పున పోయినా పద్దెనిమిది గంటలు, అంటే దారిలో ఒక రాత్రి పడుతుంది. శ్రీహరికోట దాటాలి, ప్రయోగం ఉన్న రోజు ఆ నీళ్ళలోకి రానివ్వరు. జనవరిలో ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంటే ఆ ప్రయాణానికి నేను కళ్ళు మూసుకుని ఫ్లికానే ఎక్కుతాను. మే నెలలో దక్షిణపు గాలికి ఎదురుపోవడానికి మాత్రం రెండూ వద్దు.

కానీ దాన్ని నీళ్ళలో దించడానికి హైడ్రా క్రేన్ కావాల్సి వచ్చింది. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "బాగుంది అబ్బయ్యా, మరి దీన్ని ఒడ్డుకి లాగేదెట్టా?" అన్నారు. ఆయన అడిగిందానికి నా దగ్గర జవాబు లేదు. కృష్ణపట్నం, జువ్వలదిన్నె లాంటి ఒకటి రెండు చోట్లు తప్పితే గాలివాన వస్తే ఆ కీల్‌తో దూరే జాగా మన జిల్లాలో ఏది?

కాబట్టి నా ఓటు కేటలీనాకే. మోతతో సహా. ఉప్పుటేట్లో రెండు రోజులు, సరస్సులో పక్షుల కాలంలో ఒక వారం, ఇంటిల్లిపాదితో సాయంత్రం షికారు, మనం చేసే సెయిలింగ్ తొంభై పాళ్ళు ఇదే. ఏటా చెన్నై, పుదుచ్చేరి పోయొచ్చే ఆలోచన, పడవ ఉంచుకోవడానికి లోతైన రేవు ఉన్నవాళ్ళయితే ఫ్లికా తీసుకోండి.

కొనేవాళ్ళకి ఒక్క మాట. పాత కేటలీనా ఏది చూసినా, పడవని ట్రాలీ మీద పైకెత్తించి కీల్ ఇరుసు బోల్టు ఊడదీయించి చూడండి. మధ్యలో అరిగి సన్నబడి ఉంటే మార్పించండి. కేబుల్‌లో ఒక్క పోగు తెగి ఉన్నా కొత్తది వేయించమనండి. ఈ రెండూ కాకుండా అడ్వాన్సు ఇవ్వకండి.